పొగబురుజు మీద కొమరయ్య

సాయంకాలపు ఎండ కుందనగిరి మేడల మీద పసుపునీళ్లు చల్లినట్టు పరుచుకుంది. బంగారు కలశాలు, పాలరాతి గవాక్షాలు, గవాక్షాల్లో పంజరాలు, పంజరాల్లో రామచిలుకలు, రెండు ఏనుగులు పక్కపక్కన నడిచినా ఇంకా జాగా మిగిలే రాజమార్గం, ఆ మార్గానికి ఇరువైపులా పూలంగళ్లు! చూడ్డానికి రెండు కళ్లు చాలని పట్టణమది. కానీ ఆ పూట దానివంక చూసే నాథుడు లేడు. మాలలు సగం కట్టి వదిలేసి పూలమ్మేవాళ్లు లేచిపోయారు. చిలుకలు ఆకలికి అరుస్తున్నా పలికే దిక్కు లేదు. ఊరు ఊరంతా తలలు పైకెత్తి పడమటి కొండ వైపు పరుగెడుతోంది.

ఆ పరుగులోకి తూర్పు ద్వారం నుంచి ఇద్దరు కొత్తవాళ్లు ఉప్పు బస్తాల గుర్రాలతో వచ్చిపడ్డారు. ఉప్పువర్తకుడి వేషంలో ఉన్నవాడు మేఘావళి యువరాజు శరభకేతు. గుర్రాలకాపరి వేషంలో తలపాగా చుట్టి, మీసం అంటించుకున్నది అడవిదొర కూతురు మంజీర. ఆ మీసం చెమటకు ఒకవైపు ఊడి వేలాడుతోంది. దాన్ని అదుముకోవడంతోనే ఆమెకు సరిపోతోంది.

వాళ్లు వెతుకుతున్నది భస్మకంఠుడనే మాంత్రికుణ్ణి. కుందనగిరి సైనికుల నెత్తురూ, మేఘావళి సైనికుల నెత్తురూ ఒకే ఏట్లో కలిసి పారిన రోజున తనకిక చావే ఉండదని ఆ పాపాత్ముడి నమ్మకం. అందుకే రెండు రాజ్యాల మధ్య ఎక్కడ నిప్పురవ్వ కనిపిస్తే అక్కడ వాలి ఊదుతున్నాడు.

"ఏమైందమ్మా? ఎక్కడికీ పరుగు?" అని శరభకేతు ఒక కుమ్మరామెని ఆపి అడిగాడు.

"ఎక్కడికేంటి నాయనా, మన కొంప అంటుకునే చోటికి! పొగబురుజు కావలివాడు కొమరయ్య లేడూ, కాగడా పట్టుకుని కట్టెల మేటు పక్కన నించున్నాడంట. ముట్టిస్తానంటున్నాడు!" అని చెయ్యి విదిలించుకుని ఆమె మళ్లీ పరుగు లంకించుకుంది.

పొగబురుజు సంగతి రెండు రాజ్యాల్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. దాని మీద ఆముదంలో తడిపిన కట్టెలు, గుగ్గిలం మేటుగా పేర్చి ఉంటాయి. ఆ మేటు అంటుకుని పొగ లేచిందా, ఏటి గట్టున కాచుకున్న కుందనగిరి సేన ఎవర్నీ ఏమీ అడక్కుండా ఏరు దాటి మేఘావళి మీద పడుతుంది. పొగకు మారుమాట లేదని ఆ సేన చేసిన ప్రమాణం. ఒకసారి లేచిన పొగను వెనక్కి పిలిచే ఉపాయం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. ఏటికవతల మేఘావళి పల్లెల్లో ఈ వేళకు పశువులు ఇళ్లకు మళ్లుతుంటాయి.

"పద!" అన్నాడు శరభకేతు. గుర్రాలు కొండదారి పట్టాయి.

*

కొండ మీద గందరగోళం అంతా ఇంతా కాదు. బురుజు చుట్టూ జనం ఒకళ్ల మీద ఒకళ్లు పడుతున్నారు. విలుకాళ్లు బాణాలు సంధించి నిలబడ్డారు గానీ వదిలే ధైర్యం లేదు. బాణం తగిలి కొమరయ్య కూలితే కాగడా పడేది ఆముదం కట్టెల మీదే! వాళ్ల వెనక తెల్లగుర్రం మీద దళపతి ప్రచండవర్మ కూర్చున్నాడు. మీసాలు మహా ఘనమైనవి. ఆ మీసాల వెనక ఏం చెయ్యాలో తోచని మొహం ఒకటి ఉంది.

"కొమ్ము!" అన్నాడు ప్రచండవర్మ.

భూం... భూం... భూం... అని కొమ్ము మోగింది. బురుజు మీది మనిషి ఉలిక్కిపడ్డాడు. కాగడా ఊగి రెండు రవ్వలు రాలాయి. జనం కెవ్వుమన్నారు. "శ్రీమన్మహామండలేశ్వర, అరిగండభేరుండ, శత్రుగజకేసరి, కుందనగిరి సింహాసనాధీశ్వరులైన..." అంటూ వందిమాగధుడు బిరుదులు ఎత్తుకున్నాడు. కుందనగిరిలో రాజుగారి మాట ఎవరి చెవినైనా వెయ్యాలంటే ముందు కొమ్ము ఊదాలి, పిమ్మట బిరుదులన్నీ చదవాలి. అప్పుడుగానీ అసలు మాట బయటికి రాదు. మంచినీళ్లు తాగమని చెప్పాలన్నా అంతే. మధ్యాహ్నం నుంచీ దళపతి రాజుగారి పేర కొమరయ్యను బుజ్జగిస్తూనే ఉన్నాడు. బుజ్జగించిన ప్రతిసారీ కాగడా కట్టెలకు ఇంకో జానెడు దగ్గరవుతోంది.

శరభకేతు గుర్రం దిగి దళపతికి దండం పెట్టాడు.

"దొరా, ఆ కొమ్ము ఆపించండి. మీ పుణ్యముంటుంది."

"ఎవడవురా నువ్వు? కొమ్ము లేకుండా ప్రభువుల పలుకు పలకమంటావా? మా తాత పలికాడా? మా తండ్రి పలికాడా?"

"ప్రభువుల పలుకు అక్కడే ఉండనివ్వండి దొరా. ఉత్త మనిషి మాట ఒకటి నేను చెప్పి చూస్తాను. దానికి కొమ్ము అక్కర్లేదు గదా?"

ప్రచండవర్మ మీసం మెలితిప్పడం ఆపి ఆలోచించాడు. శాస్త్రంలో ఆ మాటకు అభ్యంతరం కనిపించలేదు.

"అసలా మనిషికి వచ్చిన కష్టమేమిటి?" అని శరభకేతు అడిగాడు.

"తమ్ముడు బుచ్చన్న మా సేనలో బంటు. మొసలిరేవు దగ్గర మేఘావళి వాళ్ల బాణం తగిలి పోయాడు. పొద్దున చావుకబురు పంపాం. వీరస్వర్గం అలంకరించాడని కొమ్మూది మరీ చెప్పించాం. అంత గౌరవం చేసినా ఇదీ వరస!"

మొసలిరేవు అనే మాట చెవిన పడగానే శరభకేతు చెయ్యి గుర్రం కళ్లెం మీద బిగుసుకుంది. ఆ రేవులో భస్మకంఠుడు పొగమంచు కప్పిన ఉదయం అతను అక్కడే ఉన్నాడు. మంచులోంచి కోరలతో, కొమ్ములతో రాక్షసులు ఏరు దాటి వస్తున్నట్టు కనిపించారు. తను ఒకే ఒక్క బాణం వేశాడు. మంచు విడిచాక చూస్తే అక్కడ రాక్షసుడు లేడు. నూనూగు మీసాల కుర్రాడొకడు గులకరాళ్ల మీద పడి ఉన్నాడు.

మంజీరకు ఆ సంగతి తెలుసు. "నువ్వు వెళ్లొద్దు. ఇంకెవర్నైనా పంపుదాం" అని గొణిగింది.

"నేనే వెళ్లాలి" అన్నాడు శరభకేతు. దళపతి వైపు తిరిగి, "దొరా, విలుకాళ్లను ఆ బండల వెనక్కి పంపండి. ఆయనకి వాళ్లు కనబడకూడదు. నేను చచ్చినా బతికినా నా ఉప్పు తమదే" అన్నాడు.

విలుకాళ్లు బండల వెనక్కి వెళ్లారు.

అప్పుడే జనంలోంచి ఒక గొంతు ఖంగుమంది. "చూస్తావేంట్రా కొమరయ్యా! తమ్ముడి నెత్తురు కేకలేస్తోంది! ముట్టించు!" గవ్వల బుట్ట నెత్తిన పెట్టుకున్న సోదెకత్తె ఒకతి చేతులు ఊపుతోంది. ఆమె అరిచినప్పుడల్లా చుట్టూ ఉన్న నలుగురూ అరుస్తున్నారు. ఒక పడుచువాడు రాయి కూడా ఏరుకున్నాడు. మంజీర ఆమెను ఎగాదిగా చూసి శరభకేతు మోచెయ్యి గిల్లింది. అందరి నీడలూ తూర్పుకు పడుతుంటే సోదెకత్తె నీడ సూర్యుడి వైపుకే పడుతోంది!

"వాడే! భస్మకంఠుడు!" అంది పళ్లు కొరుకుతూ. మొలలో కత్తి మీదికి చెయ్యి పోయింది.

"కత్తి తియ్యకు. ఇక్కడ ఒక్క నెత్తుటి బొట్టు పడిందంటే ఈ జనం ఆగరు. వాడికి కావలసిందీ అదే. వాడి కేకలకు తాళం వేసేవాళ్లు లేకుండా చూడు, చాలు" అని చెప్పి శరభకేతు బురుజు మెట్ల వైపు నడిచాడు.

మంజీర ఒక్క క్షణం తల గోక్కుంది. తరవాత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, తోలుబొమ్మలాట కాడ వెనకవరసలో ఇరుక్కున్నవాడిలా గట్టిగా అరిచింది.

"ముందోళ్లు కూకోండయ్యా! వెనకోళ్లకి కనబళ్లా!"

ఆ కేక ఎక్కడ వినిపించినా తెలుగు నోరున్నవాడు ఊరుకోడు. "అవును, కూకోండెహే!" అని వెనక నుంచి పదిమంది అందుకున్నారు. ముందువాళ్లు సణుక్కుంటూ చతికిలబడ్డారు. వాళ్ల వెనకవాళ్లూ కూర్చున్నారు. కూర్చున్నవాడికి తోసుకోవడం కుదరదు, రాయి విసరాలంటే చెయ్యి లేవదు. పడుచువాడు రాయిని ఒళ్లో పెట్టుకుని మఠం వేసుకున్నాడు. ఆఖరికి మొత్తం కొండ మీద నిలబడి ఉన్నది సోదెకత్తె ఒక్కతే. "ఏమ్మా, నీకు వేరే చెప్పాలా? కూకో!" అని నాలుగువైపుల నుంచీ కసిరారు. దిక్కులేక ఆమె కూర్చుంది. ఆమె నీడ మాత్రం కూర్చోలేదు. మంజీర దాన్నే కనిపెట్టి చూస్తూ ఉండిపోయింది.

*

శరభకేతు నడుముకున్న బాకు తీసి కింది మెట్టు మీద పెట్టాడు. చేతులు రెండూ కనబడేటట్టు ఉంచుకుని నెమ్మదిగా ఎక్కాడు.

"ఆగక్కడ! ఇంకో మెట్టు ఎక్కావంటే ముట్టించేస్తా!"

కొమరయ్య గొంతు బొంగురుపోయింది. నలభై ఏళ్ల మనిషి, ఎండకు ఎండి, అరిచి అరిచి పెదవులు పగిలి ఉన్నాడు. చేతిలో కాగడా ఊగుతోంది. కాగడాకూ కట్టెలకూ మధ్య మూరెడు దూరం లేదు.

"ఎక్కనన్నా. ఇక్కడే కూర్చుంటాను" అని శరభకేతు ఆ మెట్టు మీదే కూలబడ్డాడు. కొమరయ్య ఎత్తున ఉన్నాడు, అతను కింద ఉన్నాడు.

కొమరయ్య కాసేపు చూశాడు. ఈ మనిషి బిరుదులు చదవడేమిటి, రాజాజ్ఞ వినిపించడేమిటి అని అతనికి వింతగా తోచింది.

"నన్ను దిగమని చెప్పడానికేగా వచ్చావు?"

"దిగమనేవాళ్లు కింద బోలెడంతమంది ఉన్నారన్నా. మళ్లీ నేనొకణ్ణెందుకు?"

"మరెందుకొచ్చినట్టు?"

"బుచ్చన్న ఎలాంటి పిల్లాడో అడుగుదామని."

కాగడా ఊగడం ఆగింది. మధ్యాహ్నం నుంచీ ఆ కొండ మీద అందరూ రాజుగారి పేరే చెప్పారు గానీ బుచ్చన్న పేరెత్తినవాడు లేడు.

"ఎలాంటోడా?" అన్నాడు కొమరయ్య. "ఉత్త తింగరోడు. ఒంటిమీదికి కప్ప దూకితే ఊరంతా వినబడేలా కేకలేసేవాడు. అట్టాంటోడికి సేనెందుకయ్యా! ఎర్ర తలపాగా ఇస్తారని చేరాడు. అమ్మ పోయినప్పుడు వాడికి ఇంకా నడక రాలేదు. మేకపాలు పట్టి పెంచాను. ఇంట్లో కూర బాలేదని రోజూ నాతో తగువు. ఈ పొద్దున గిన్నె కడుగుతుంటే కొమ్మూదుకుంటా వచ్చారు. వీరస్వర్గం అంట! ఆ మాట చెప్పి తిరిగి చూడకుండా పోయారు."

"ఊఁ" అన్నాడు శరభకేతు.

"ఎట్టా పోయాడో చెప్పలేదు. దాహమన్నాడో, నన్ను తలుచుకున్నాడో! దిక్కులేకుండా ఇసకలో పడి పోయాడో! అడిగితే బిరుదులు చదివారు. నాకిక మిగిలిందేంటయ్యా? ఈ కాగడా ఒక్కటేగా! అటోళ్లు ఏడవాలి, ఇటోళ్లు ఏడవాలి. నేనొక్కణ్ణే ఏడవాలా?"

అన్నీ ఒకేసారి తన్నుకొచ్చి కొమరయ్య భోరుమన్నాడు. శరభకేతుకి లేచి ఆ మనిషిని పట్టుకోవాలనిపించింది. లేవకుండా నిభాయించుకున్నాడు.

"దిక్కులేకుండా పోలేదన్నా. పక్కన మనిషి ఉన్నాడు" అన్నాడు.

"నీకెట్టా తెలుసు?"

"నేను చూశాను."

కొమరయ్య కళ్లు చికిలించాడు. అబద్ధం చెప్పి మచ్చిక చేసుకుంటున్నాడేమోనని అనుమానం. కాగడా మళ్లీ కిందికి వాలింది. శరభకేతు తొందరపడలేదు. మొసలిరేవు మీద కమ్మిన మంచును గురించి చెప్పాడు. మాంత్రికుడి మాయకు ఇవతలివాళ్లకు అవతలివాళ్లు, అవతలివాళ్లకు ఇవతలివాళ్లు రాక్షసుల్లా కనబడిన సంగతి చెప్పాడు. మంచు విడిచాక రాళ్ల మీద పడి ఉన్న కుర్రాడి తల ఒకడు ఒళ్లో పెట్టుకున్నాడనీ, నీళ్లు పట్టాడనీ చెప్పాడు.

"ఒంటి కాలికే చెప్పుంది. రెండోది ఏట్లో కొట్టుకుపోయింది. నొప్పి గురించి ఒక్క మాటా అనలేదు. చెప్పు ఏదీ, చెప్పు ఏదీ అని అడిగాడు. తడిపితే మా అన్న ఊరుకోడు అన్నాడు. ఏట్లోకి దిగి వెతికి తెచ్చేసరికి కళ్లు మూశాడు."

కొమరయ్య ఖాళీ చేత్తో నుదురు కొట్టుకున్నాడు. "కొత్త చెప్పులయ్యా!" అన్నాడు. "తిరునాళ్లలో కొనిచ్చాను. తడిపావంటే కాళ్లిరగ్గొడతానన్నాను. అదే గుర్తుందా వాడికి! ఛీ, ఎందుకన్నాను ఆ మాట!"

కింద కూర్చున్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎవరూ దగ్గు కూడా దగ్గడం లేదు.

కొమరయ్య కళ్లు తుడుచుకున్నాడు. "ఏట్లో దిగి చెప్పు వెతికినోడు మంచోడే. మరి బాణం ఎవడిది?"

మాంత్రికుడిదని చెప్పొచ్చు. తెలియదని చెప్పొచ్చు. మంచులో ఎవరి బాణమో ఎవరు చెప్పగలరని అన్నా సరిపోతుంది. కాగడా చల్లారేదాకా ఒక్క అబద్ధం చాలు. కానీ తమ్ముడి చివరి మాట విన్నవాడు అన్నకు అబద్ధం ఎలా చెబుతాడు?

"నాది" అన్నాడు.

"ఏంటీ?"

"బాణం నాది. చెప్పు వెతికింది కూడా నేనే. నేను వర్తకుణ్ణి కాదన్నా. నా పేరు శరభకేతు. మేఘావళి రాజు కొడుకుని."

నిశ్శబ్దం కోసం అతను అంత పాటుపడ్డాడు గదా, ఆ నిశ్శబ్దంలోనే ఈ మాట కొండ కొసదాకా అందరి చెవులా పడింది. బండల వెనక విలుకాళ్లు లేచారు. ఇందాక కొమరయ్యకు గురిపెట్టిన బాణాలన్నీ ఇప్పుడు శరభకేతు వీపుకు తిరిగాయి.

"విన్నారా! శత్రువు! తమ్ముణ్ణి చంపినోడు! ముట్టించరా కొమరయ్యా, ఇంకా చూస్తావేం!" అని సోదెకత్తె ఆనందం పట్టలేక చిందులేసింది.

మంజీర కాచుక్కూర్చున్నది అందుకే. "ముందు దాని నీడ చూడండర్రా!" అని వేలు పెట్టి చూపించింది. వేల కళ్లు ఒక్కసారి అటు తిరిగాయి. సోదెకత్తె నీడ సూర్యుడి వైపు సాగి, రెక్కలు విప్పుకుంటోంది. పక్కనున్నవాళ్లు హడలి జరిగిపోయారు. గవ్వల బుట్ట దొర్లింది. బుట్టలో ఉన్నవి గవ్వలు కావు, మనుషుల పళ్లు! సోదెకత్తె ఒళ్లు నల్లటి మంచులా కరిగి, ఆ మంచులోంచి పెద్ద రాబందు ఒకటి లేచింది. అది కొండ చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, మొసలిరేవు వైపు దూసుకుపోయింది.

కొమరయ్య నోరు తెరుచుకుని ఆ మంచునే చూశాడు. చూసి, మెట్టు మీద కదలకుండా కూర్చున్న శరభకేతు వైపు తిరిగాడు.

"పైకి రా" అన్నాడు.

శరభకేతు ఎక్కాడు.

"కాగడా తీసుకో. నా వేళ్లు విడవట్లేదు. మధ్యాహ్నం నుంచీ పట్టుకున్నాను, కొయ్యబారిపోయాయి. నువ్వే తియ్యి."

శరభకేతు ఆ చేతిని పట్టుకున్నాడు. ఒక్కొక్క వేలే విప్పదీయవలసి వచ్చింది. తమ్ముణ్ణి చంపిన చెయ్యి అన్న వేళ్లను విప్పుతుంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. చిట్టచివరికి కాగడా అతని చేతికి వచ్చింది.

అప్పుడు తెలిసింది అతనికి అసలు సంగతి. ఈ కాగడా వెలుగుతున్నంతసేపూ విలుకాళ్లు బాణం వదలరు. తను కూలితే అది కట్టెల మీద పడుతుందని వాళ్ల భయం. ఇది ఆరిన మరుక్షణం తనకు అడ్డం ఏదీ లేదు. కాగడా చూపించి బేరమాడితే దారి ఇస్తారు, గుర్రమూ ఇస్తారు. కింద నుంచి మంజీర కూడా అదే అంటోంది. "ఆర్పొద్దు! ఆర్పొద్దు!"

బురుజు మూల కావలివాడి నీళ్ల తొట్టి ఉంది. శరభకేతు అటు నడిచి కాగడాను తలకిందులు చేసి ముంచాడు. చుయ్యిమంది.

"వెయ్యండి!" అని ప్రచండవర్మ కేక పెట్టాడు. ఈసారి కొమ్ము సంగతి మరిచేపోయాడు.

వింటినారులు చెవులదాకా సాగాయి. అంతలో కొమరయ్య ఒక్క అంగలో వచ్చి శరభకేతు ముందు నిలబడి, అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ఆపండ్రా! చచ్చింది ఎవడి తమ్ముడు? నా తమ్ముడు! అన్న బతికుండగా హంతకుణ్ణి ముట్టుకునే హక్కు రాజుక్కూడా లేదు. అవునా కాదా దళపతీ, చెప్పు!"

అవును. కుందనగిరిలో అదీ ఆచారమే. ప్రచండవర్మ తాత దాన్ని మీరలేదు, తండ్రీ మీరలేదు. ప్రచండవర్మ పళ్లు నూరుకుని చెయ్యి దించాడు. వింటినారులు సడలాయి.

కొమరయ్య పట్టు సడలించకుండానే మెట్లు దిగాడు. అతనితో పాటే శరభకేతు దిగాడు. జనం కూర్చున్న చోటు నుంచే రెండు పాయలై దారి ఇచ్చారు. మంజీర ఉప్పు బస్తాలు దొర్లించేసి గుర్రాలు సిద్ధంగా పట్టుకుంది. మీసం ఎప్పుడో రాలిపోయింది. పడమట ఆకాశంలో రాబందు చుక్కంత కనిపిస్తోంది.

"ఆ మంచు పుట్టించినోడు వాడేనా?" అన్నాడు కొమరయ్య.

"వాడే. ఏటి గట్టున మీ సేన ఉంది, మా సేన ఉంది. చీకటి పడేలోగా వాడు మళ్లీ మంచు కప్పుతాడు."

"ఎక్కు. నేను నీ వెనక ఎక్కుతాను. మొసలిరేవు దాకా ఈ చెయ్యి వదలను. అక్కడ నా తమ్ముడు పడిన చోటు చూపించు. ఆ తరవాత నిన్నేం చేస్తానో నాకే తెలీదు."

"సరే అన్నా" అన్నాడు శరభకేతు.

మంజీర తన గుర్రమెక్కింది. ఇద్దరు మనుషుల బరువుతో శరభకేతు గుర్రం ఒక్కసారి వెనక్కి తూలి, నిలదొక్కుకుని, కొండవాలు వెంట ఏటి వైపు దౌడు తీసింది.